అలవాట్లు అనే గడి

నేను 1982లో విశాఖపట్నంలోని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి రికార్డుల విభాగంలో గుమాస్తాగా చేరాను. 2018లో అరవై ఏళ్లు నిండి పదవీ విరమణ చేసేదాకా, మధ్యలో రెండేళ్లు జీతాల సెక్షనులో కూర్చున్న కాలం మినహాయిస్తే, నా బల్ల మీద ఎప్పుడూ ఉన్నది క్యాన్సర్ రోగుల రిజిస్టరే. నేను డాక్టరును కాను, ఏ రోగి నాడీ పట్టి చూసినవాణ్ణి కాను. అయితే ఆ విభాగంలో పనిచేసిన పెద్ద పెద్ద డాక్టర్లకు లేని ఒక వీలు నాకుండేది. వాళ్లు నాలుగైదేళ్లకు బదిలీ అయిపోయేవారు; రిజిస్టరూ నేనూ మాత్రం అక్కడే ఉండిపోయేవాళ్లం. ఏ రోగం ఎప్పుడు ఎక్కువైంది, ఏది ఎప్పుడు కనుమరుగైంది అన్న సంగతి పుస్తకాల్లో చదవకముందే నా కుడిచేతి వేళ్లకు తెలిసింది.

ఆ రోజుల్లో రిజిస్టరంటే నల్ల రెక్సిను అట్ట వేసి మూలలకు ఎర్రగుడ్డ అంటించిన బరువైన బౌండు పుస్తకం. తెరిచి పరిస్తే బల్ల మొత్తం ఆక్రమించేది. ఎడమ పేజీలో వరుస సంఖ్య, ఓపీ నంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు, ఊరు, వృత్తి, అలవాట్లు. కుడి పేజీలో రోగం ఉన్న చోటు, ముక్క పరీక్ష ఫలితం, కోడు, చికిత్స, రిమార్కులు. చూడటానికి ఎంతో క్రమంగా కనిపించే ఆ గడుల్లోకి నిజం ఎంత ప్రయాసతో దూరేదో వాటిని నింపినవాడికే తెలుసు. పల్లెల నుంచి వచ్చిన పెద్ద వయసు ఆడవాళ్లు భర్త పేరు నోట పలికేవారు కాదు. "ఏడుకొండలోడి పేరు బాబూ" అని ఒకావిడ చెబితే, వెంకటరమణో, తిరుపతయ్యో, శ్రీనివాసో తేల్చుకోలేక వెంట వచ్చిన మనుమరాలిని కిటికీ దగ్గరికి పిలిపించి అడిగి రాసేవాణ్ణి. వయస్సు అడిగితే "నువ్వే సూసి ఏసుకో బాబూ" అనేవారు. అలా నేను చూసి వేసిన వయస్సులన్నీ నలభై, నలభై అయిదు, యాభై, అరవై దగ్గర కుప్పపడ్డాయి. నలభై మూడేళ్ల మనిషి మా రిజిస్టరులో అరుదుగా తప్ప కనిపించడు. తర్వాతి కాలంలో ఎవరో పరిశోధక విద్యార్థి ఆ కుప్పలను చూసి, నలభై అయిదేళ్లకు రోగం ఎక్కువగా వస్తోందేమోనని గంభీరంగా అడిగినప్పుడు నవ్వాపుకోలేకపోయాను.

మా పనికి ప్రాణం కోడు. భారత వైద్య పరిశోధన మండలి 1982 జనవరి నుంచి దేశంలో క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమాన్ని నడపసాగింది. బొంబాయి, మద్రాసు, బెంగళూరు నగరాల్లో జనాభాను బట్టి, చండీగఢ్, దిబ్రూగఢ్, తిరువనంతపురంలలో ఆసుపత్రికి వచ్చే రోగులను బట్టి లెక్కలు తీయడం అప్పుడే మొదలైంది. మా ఆసుపత్రి ఆ జాబితాలో లేకపోయినా, అదే పద్ధతిలో మన దగ్గరా రాయాలని మా ప్రొఫెసరు గారు పట్టుబట్టి, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి వ్యాధుల వర్గీకరణ తొమ్మిదో కూర్పును నా చేతిలో పెట్టారు. ఏడాది తిరిగేసరికి నాకు రోగాల పేర్లు పోయి అంకెలు మిగిలాయి. 174 అంటే రొమ్ము. 180 అంటే గర్భసంచి ముఖద్వారం. 145.2 అంగిలి. 199 అంటే ఎక్కడ పుట్టిందో తెలియకుండా ఒళ్లంతా పాకిన క్యాన్సరు. ఇంట్లో పాల పద్దులో 180 వస్తే కూడా ఒక్క క్షణం చెయ్యి ఆగేది.

నేను చేరిన తొలి రోజుల్లో 180దే రాజ్యం. పేజీ మీద పైనుంచి కిందికి వేలు జరిపితే ఆ అంకె వరసగా నాలుగైదు గడుల్లో తగిలేది. పాలకొండ, పార్వతీపురం, టెక్కలి, సోంపేట వైపు నుంచీ, ఒడిశాలోని కొరాపుట్, రాయగడల నుంచీ రాత్రి పాసింజరు ఎక్కి, తెల్లవారకముందే దిగి, ఓపీ మెట్ల మీద సద్దిమూట పక్కన పెట్టుకుని కూర్చునేవారు. ముట్లు ఆగిపోయిన పదేళ్లకు మళ్లీ కనిపించిందనో, తెల్లబట్ట దుర్వాసన వేస్తోందనో ఇంట్లో ఎవరికీ చెప్పలేక ఏడాదీ రెండేళ్లూ దాచుకుని, నడుము నొప్పితో కూర్చోలేని స్థితిలో వచ్చేవారు. కేస్ షీటులో దశ అని ఉన్నచోట మూడో నాలుగో ఉండేది తప్ప ఒకటి అన్న అంకెను నేను నెలకొకసారి రాసి ఉంటే గొప్ప. పన్నెండు పదమూడేళ్లకు పెళ్లి, ఆరేడు కాన్పులు, చెరువు నీళ్లు, ఇవే అందరి కథలూ. వాళ్లకు తెలిసిన చికిత్స పేరు "కరెంటు పెట్టడం". రేడియేషను ఇచ్చే కోబాల్టు మిషను కింద పడుకుని వచ్చిన మనిషి, కరెంటు పెట్టారంటున్నారు గానీ షాకు కొట్టలేదేమిటని నన్ను నిలదీసిన సందర్భాలు ఉన్నాయి.

ఇక మా ప్రాంతానికే ప్రత్యేకమైన అంకె 145.2. అంగిలి మీద క్యాన్సరు ప్రపంచంలో ఎక్కడైనా అరుదే. మా రిజిస్టరులో మాత్రం అది నిత్యం కనిపించే బంధువు, అది కూడా ఆడవాళ్ల పేర్ల పక్కన. దానికి కారణం అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి తాగడం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీర గ్రామాల్లో ఆడవాళ్లకు తరతరాల అలవాటు. అలవాట్లు అన్న గడి చిన్నది కాబట్టి నేను "అ.పొ." అని రెండక్షరాలు వేసేవాణ్ణి. ఎందుకిలా తాగుతావని ఒక పెద్దావిడను అడిగితే, "అడ్డపొగైతే గాలికి ఆరిపోదు బాబూ, ఒళ్లో గుంట మీద నుసి రాలదు, సుట్ట శానాసేపొస్తాది" అని చెప్పి, "మాయమ్మ తాగీది, మా అత్త తాగీది, నానూ తాగతన్నాను" అని ముగించింది. ఆమె నోరు తెరిస్తే అంగిలి మొత్తం సున్నం కొట్టిన గోడలా తెల్లబారి, మధ్యలో ఎర్రటి చుక్కలతో, వెనుక వైపు రూపాయి బిళ్లంత పుండుతో కనిపించింది. రోగిని చూడటం నా పని కాకపోయినా, ఆ రోజు ప్రొఫెసరు గారు టార్చి నా చేతికిచ్చి "నువ్వు రోజూ రాసేది ఇదే, ఒకసారి చూడు" అన్నారు. చూశాక మధ్యాహ్నం క్యారియరు తెరవలేదు.

ఈ సంగతి ప్రపంచానికి కొత్త కాదు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య బృందం 1966 నుంచి 1969 మధ్య దేశంలోని ఐదు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించింది. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. మా విశాఖ వైద్య కళాశాల ఆచార్యులు కూడా అడ్డపొగ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మా జిల్లా ఆడవాళ్ల అంగిళ్ల ఫొటోలు విదేశీ పాఠ్యపుస్తకాల్లో అచ్చయ్యాయని డాక్టర్లు గర్వంగా చెప్పుకునేవారు. ఆ గర్వం నాకు ఎప్పుడూ పూర్తిగా మింగుడుపడలేదు.

తొంభైల్లో అ.పొ. అని రాయడం నెమ్మదిగా తగ్గింది. అప్పుడు నేను దాన్ని గమనించలేదు, ఎందుకంటే తగ్గేది ఎప్పుడూ చప్పుడు చేయదు. వచ్చిన ముసలమ్మలు ఇంకా ముసలివాళ్లై వస్తున్నారు. వాళ్ల వెంట వచ్చే కోడళ్లను ఆరా తీస్తే చుట్ట తాగమని చెప్పేవారు. బడికి వెళ్లిన పిల్ల ఎవరూ చుట్టను అడ్డంగా నోట్లో పెట్టుకోలేదు, అంతే. ఆ గడి ఖాళీ అవుతున్నదనుకునే లోపే మరో అక్షరం వచ్చి కూర్చుంది: "గు." అంటే గుట్కా. అంతవరకు నోటి క్యాన్సరంటే అరవై ఏళ్ల మనిషి. గుట్కా పొట్లాలు కిళ్లీ బడ్డీల ముందు తోరణాల్లా వేలాడటం మొదలయ్యాక ముప్పై, ముప్పై అయిదేళ్ల ఆటోడ్రైవర్లు, లారీ క్లీనర్లు, పోర్టు కూలీలు వరస కట్టారు. నోటిలో మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. వీళ్లకు ఒక్క వేలు కూడా పట్టేది కాదు. బుగ్గ లోపలి చర్మం చెక్కలా బిగుసుకుపోయేది. రోగం అంగిలి మీది నుంచి బుగ్గ లోపలికి, ఆడవాళ్ల నుంచి మగవాళ్లకు, తాతమ్మల నుంచి మనుమలకు మారింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. బుగ్గ లోపలి క్యాన్సరుకు కోడు 145.0. నోట్లో ఎక్కడో స్పష్టంగా రాయకపోతే 145.9. కేస్ షీట్లలో జూనియర్ డాక్టర్లు తొందరలో "నోటి పుండు" అని మాత్రమే గిలికి పంపేవారు. వార్డుకు వెళ్లి అడిగి రావడం నా పని. ఆ కాలంలో మా విభాగంలో ఇద్దరు రిటైరైతే ఒకరినీ వేయలేదు. పని ఎక్కువై నేను కూర్చున్నచోటే 145.9 వేసేశాను. దాదాపు నాలుగేళ్లు అలా జరిగింది. దాంతో మా వార్షిక పట్టీలలో బుగ్గ క్యాన్సరు పెరుగుతున్నట్టు కనిపించనే లేదు; "స్పష్టంగా తెలియనివి" అన్న వరుస మాత్రం లావెక్కింది. కొత్తగా వచ్చిన ఒక లేడీ డాక్టరు పాత కేస్ షీట్లు తీయించి ఒక్కొక్కటే చూసి, రెండు నెలలు నాతో కూర్చుని దిద్దించారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే అది ఇంకా గుర్తుంది.

తొంభైల చివర ఒక సంవత్సరం వార్షిక పట్టీ వేస్తూంటే 174, 180 పక్కపక్కకు వచ్చేశాయి. కూడికలో తేడా వచ్చిందనుకుని మళ్లీ మొదటి నుంచి వేశాను. తేడా లేదు. మరి కొన్నేళ్లకు రొమ్ము ముఖద్వారాన్ని దాటి ముందుకు పోయింది, మళ్లీ వెనక్కి రాలేదు. మద్రాసు, బెంగళూరు రిజిస్ట్రీల్లోనూ మొదట్లో ముఖద్వారానిదే పైచేయి. 2000 ప్రాంతానికల్లా అక్కడా రొమ్ముదే అయింది. 2020 నాటి అంతర్జాతీయ అంచనాల్లో మన దేశంలో కొత్త రొమ్ము కేసులు 1,78,000 దాటితే, ముఖద్వారం కేసులు 1,23,000 పైచిలుకు.

ముఖద్వార క్యాన్సరుకు పాపిలోమా వైరస్ కారణమని నిరూపించిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ మా రిజిస్టరులో 180 తగ్గడం అంతకు ఎంతో ముందే మొదలైంది. టీకా వల్ల కాదు, మా పల్లెల్లో పెద్దయెత్తున పరీక్షలు చేసినదీ లేదు. ఆడపిల్ల పెళ్లి పన్నెండు నుంచి పద్దెనిమిదికి జరగడం, కాన్పులు రెండుకు పరిమితం కావడం, ఇంటికి నీళ్లు రావడం, ఇవే ఆ పని చేశాయని డాక్టర్లు చెప్పేవారు. కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటు కాన్పులు 1992-93లో 2.6 ఉంటే 2005-06కు 1.8 అయ్యాయి. విచిత్రమేమిటంటే 180ని తగ్గించిన ఆ కారణమే 174ను పెంచింది. తొలి కాన్పు ఆలస్యం కావడం, కాన్పులు తగ్గడం, బిడ్డకు పాలిచ్చే కాలం తగ్గడం, ఒళ్లు చేయడం, ఇవన్నీ రొమ్ము క్యాన్సరు అవకాశాన్ని పెంచుతాయి. రిజిస్టరులో వృత్తి అన్నచోట "కూలి" అని రాసే నా చేయి "టీచరు", "బ్యాంకు", "గృహిణి, గాజువాక" అని రాయడం నేర్చుకుంది. దశ అన్నచోట రెండు అన్న అంకె కనిపించసాగింది. గడ్డను తామే చేత్తో తడుముకుని గుర్తుపట్టి, భర్తను వెంటబెట్టుకుని, ఆయన పేరు స్పష్టంగా చెప్పి రాయించుకునే ఆడవాళ్లు వచ్చారు.

అయితే ఇదంతా రోగం మారడమేనని నేను అనుకోను. ఇది వచ్చే మనుషులు మారడం కూడా. ఎనభైల్లో విశాఖలో కాస్త ఉన్నవాళ్లు రొమ్ములో గడ్డ కనిపించగానే మద్రాసు మెయిలెక్కి అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిపోయేవారు. 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి గారు స్థాపించిన ఆ సంస్థకు మన కోస్తా వాళ్లలో ఉన్న పేరు అలాంటిది. కాబట్టి ఆనాడు మా దగ్గర 174 తక్కువగా ఉండటానికి కొంత కారణం ఆ రైలు. మా కోబాల్టు మిషనులో మూలకం శక్తి అయిదేళ్ల మూడు నెలలకు సగమవుతుంది. సకాలంలో మార్చకపోతే రెండు నిమిషాల చికిత్సకు నాలుగు నిమిషాలు పట్టేది, వరస పెరిగేది, జనం విసిగి వేరేచోటికి పోయేవారు. అలాంటి సంవత్సరాల్లో మా పట్టీ చూస్తే ఉత్తరాంధ్రలో క్యాన్సరు తగ్గినట్టే కనిపిస్తుంది! ఒక సమావేశంలో ఒక పెద్ద అధికారి ఆ తగ్గుదలను చూపించి మెచ్చుకుంటే, వెనక వరసలో ఉన్న నేను చెప్పాలా వద్దా అని సతమతమై, చివరికి చెప్పకుండానే టీ తాగి వచ్చాను.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఉంది. తెల్లకార్డు ఉన్న మనిషి కార్పొరేటు ఆసుపత్రిలో ఆపరేషను, కీమో చేయించుకునే వీలు వచ్చింది. మా రిజిస్టరు మొదట సన్నబడింది, తర్వాత వింతగా లావైంది. ఇదివరకు ఊళ్లోనే రాచపుండని చెప్పుకుని, పసరు కట్టు కట్టించుకుని, కేస్ షీటు లేకుండానే చనిపోయే మనుషులు ఇప్పుడు పరీక్షలకు బయటపడ్డారు. ఊరు అన్న గడిలో నేనెన్నడూ రాయని ఏజెన్సీ గూడేల పేర్లు రాశాను. నా ఉద్యోగం చివరి కాలంలో అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి రావడంతో మళ్లీ కొందరు అటు వెళ్లారు.

రోగాన్ని చూడగలిగే శక్తి పెరిగినా లెక్క మారుతుంది. 191 అంటే మెదడులో గడ్డ. మా ఊళ్లో సీటీ స్కాన్ రాకముందు ఆ అంకె నా రిజిస్టరులో ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని సార్లే పడేది. మిషను వచ్చాక ఒక్కసారిగా పెరిగింది. అంతకుముందు ఆ మనుషులు మూర్ఛ అనో పక్షవాతం అనో వేరే వార్డుల్లో వేరే పేర్లతో పోయారు. అదే సమయంలో 199, ఎక్కడిదో తెలియని క్యాన్సరు, తగ్గుతూ వచ్చింది.

ఇంకో మార్పు చాలా ఇష్టంగా గుర్తుంది. 205.1 అంటే దీర్ఘకాలిక రక్త క్యాన్సరు ఒకటి. ఆ రోగులు ప్లీహం ఉబ్బి, పొట్ట బరువుతో వచ్చేవారు; మూడు నాలుగేళ్లు వచ్చి, ఆ తర్వాత రిమార్కుల గడిలో నేను ఒక చిన్న శిలువ గుర్తు వేసేవాణ్ణి. ఇమాటినిబ్ అనే బిళ్ల వచ్చింది. విదేశీ కంపెనీ బిళ్ల నెలకు లక్ష దాటేది. 2003లో హైదరాబాదులోని నాట్కో కంపెనీ అదే మందును పదివేల ప్రాంతానికి తెచ్చింది. ఆ తర్వాత 205.1 పేర్లు పోవడం మానేశాయి. కొత్తవాళ్లు ఏటా అప్పటిలాగే కొద్దిమందే, కానీ పాతవాళ్లు అలాగే ఉండటంతో ఓపీ కిటికీ ముందు వరస పెరిగిపోయింది. వాళ్లలో ఒకాయన మా కిటికీ దగ్గరికి కూతురి పెళ్లి శుభలేఖ తెచ్చి ఇచ్చి, తర్వాత కొన్నేళ్లకు మనుమడి అన్నప్రాసన చాక్లెట్లు కూడా ఇచ్చాడు. ఆయన పేరు పక్కన నేను శిలువ వేయలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా రికార్డు గది కిటికీ తలుపులను చౌకట్లతో సహా పీకి లోపల పడేసింది. మూడో రోజున వెళ్లేసరికి అడుగు అరల్లోని పాత రిజిస్టర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు. వరండాలో దుప్పట్లు పరిచి, ఒక్కో పేజీ మధ్య పాత దినపత్రిక ముక్కలు పెట్టి, పది రోజులు ఎండబెట్టాం. ఎనభైల్లో నేను పేర్లూ ఊళ్లూ బ్రిల్ సిరాతో రాసేవాణ్ణి, కోడు మాత్రం ప్రత్యేకంగా కనిపించాలని ఎర్ర బాల్‌పెన్నుతో వేసేవాణ్ణి. సిరా కరిగి పేజీలంతా లేత నీలం మబ్బులయ్యాయి, పేర్లు పోయాయి. 180, 180, 145.2, 180 అంటూ ఎర్రటి అంకెలు మాత్రం చెక్కుచెదరకుండా మిగిలాయి. కంప్యూటరులోకి ఎక్కించిన కుర్రాడు "కోడులున్నాయి కదా సార్, పరవాలేదు" అన్నాడు. లెక్కకు నిజంగానే పరవాలేదు.

రిటైరయ్యే వారంలో నేను కొత్తవాడికి పని అప్పగిస్తున్నాను. అప్పటికి కోడులు కూడా మారాయి. రొమ్ము సి 50, ముఖద్వారం సి 53, అంగిలి సి 05. ఎచ్చెర్ల వైపు నుంచి ఒక ముసలమ్మ మనుమడితో వచ్చింది. కేస్ షీటులో గట్టి అంగిలి అని రాసి ఉంది. చాలా కాలానికి కనిపించిన అంగిలి అది. కుర్రాడు అలవాట్లు అన్నచోట మౌసు నొక్కితే పొగ, నమలడం, మద్యం, ఏమీ లేదు అని నాలుగే వచ్చాయి.

"పొగ అని కొట్టేయనా సార్?"

"కొట్టు. కింద రిమార్కుల్లో అడ్డపొగ అని రాయి."

"అడ్డపొగ అంటే ఏంటి సార్?"

నేను చెప్పబోయేలోపే ఆ ముసలమ్మ కిటికీలోంచి చేయి పెట్టి, బల్ల మీదున్న నా పెన్ను తీసుకుని, తిప్పి పట్టుకుని, క్యాపు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు బిగించింది. బుగ్గలు లోపలికి లాగి ఒక దమ్ము పీల్చినట్టు పీల్చి, వెంటనే నొప్పితో ముఖం చిట్లించి, పెన్ను పైటకొంగుతో తుడిచి తిరిగి నా ముందు పెట్టింది. "ఇలగ బాబూ" అంది.